లంకమల ఎర్రచందనం: కొత్త మొక్కా, పాత మోడా?

కడప జిల్లా లంకమలలో ఎర్రచందనం మళ్లీ పెరగాలంటే రెండు దారులు. నర్సరీ మొక్క నాటితే బోసిపోయిన నేలలోనూ చెట్టు వస్తుంది. కానీ రాళ్లలో గుంత తవ్వాలి, ఎండాకాలం నీళ్లు మోయాలి.

నరికిన మోడు సంగతి వేరు. దాని వేరు అప్పటికే రాళ్ల సందుల్లోకి దిగి ఉంటుంది. వాన పడితే మోడు చుట్టూ పిలకలు గుత్తిగా లేస్తాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేసి, పశువులు, మంటలు రాకుండా కాపాడాలి. నా ఓటు దీనికే.

ముఖ్యంగా కలివికోడి కోసం. 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించిన ఈ పక్షికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి. అక్కడ మొక్కలు కిక్కిరిసేలా నాటితే దానికి నిలువ నీడ ఉండదు. మోడు కూడా మిగలని వాలుల్లో మాత్రం తొలకరికే నాటాలి.