సఖినేటిపల్లిలో పాత ఇనుప కిటికీలు: బాగుచేయించి ఎనిమిదేళ్లు వాడిన మీదట

మా నాన్నగారు 1964లో కోనసీమలోని సఖినేటిపల్లిలో డాబా కట్టించినప్పుడు, వీధిలో అందరూ టేకు కిటికీలు చేయించుకుంటూ ఉంటే, ఆయన మాత్రం పల్చటి ఇనుప చట్రాలతో బయటికి తెరుచుకునే అద్దాల కిటికీలు తొమ్మిదింటిని తెప్పించి పెట్టించారు. 2017 నాటికి వాటిలో నాలుగు తెరుచుకునేవి కావు, రెండు మూసుకునేవి కావు. ఆ ఏడాది సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టి అన్నింటినీ బాగుచేయించాను. ఎనిమిదేళ్లు వాడిన తరవాత, వాటిని పీకించనందుకు సంతోషంగానే ఉంది. అయితే ఆ సంతోషం ఊరికే రాలేదు, ఏటా రెండు రోజుల చాకిరీ ఉంటుందని ముందే చెప్పడం న్యాయం.

మొదట చూసిన కాంట్రాక్టరు గుమ్మం దాటకుండానే అన్నీ తీసేసి ప్లాస్టిక్ స్లైడింగు కిటికీలు పెట్టాలని తేల్చి, రూ.1,40,000 అవుతుందన్నాడు. చట్రాల కాళ్లు గోడలోకి దిగి ఉన్నందున వాటిని పీకితే గిలాబా ఎంత ఊడుతుంది, సజ్జలు ఏమవుతాయి అని అడిగితే సరైన సమాధానం రాలేదు. ఆ తరవాత నరసాపురం నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వచ్చిన వెల్డరుగారు ఒక స్క్రూడ్రైవరు పట్టుకొని ప్రతి చట్రాన్నీ అడుగు నుంచి పైదాకా పొడిచి చూశారు. చాలా చోట్ల టంగుమంది. మూడు కిటికీల కింది మూలల్లో మాత్రం మొన సగం లోపలికి దిగింది. "ఆయ్, పైపై తుప్పేనండి. మూలల్లోనే తినేసింది, మిగతా ఇనుం ఇప్పటిది కాదండి" అన్నారాయన. పాత ఇల్లున్నవారు కొటేషన్లు అడగడానికి ముందు ఈ పొడిచి చూసే పరీక్ష తప్పక చేసుకోవాలి.

తుప్పు చట్రం కింది పట్టీకే ఎందుకు పడుతుందో పని జరుగుతున్నప్పుడు గాని నాకు అర్థం కాలేదు. అద్దాన్ని చట్రానికి పట్టి ఉంచడానికి బయటివైపు పెట్టిన లప్పం (పుట్టీ) ఎండి పగిలాక, అద్దం మీద జారిన వాన నీరు ఆ పగుళ్లలోంచి లోపలికి దిగి కింది పట్టీ మీద నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఉబ్బి, మొదట లప్పాన్ని నెట్టి, ఆ తరవాత అద్దాన్నే పగలగొడుతుంది. ఎవరూ రాయి విసరకుండానే మా వంటింటి అద్దం మూలనుంచి ఎందుకు చీలిందో అప్పుడు తెలిసింది. ఇంగ్లండులో రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇలాంటి కిటికీలకు తుప్పు పట్టకుండా జింకు పూత వేయడం ఆనవాయితీ అయింది. మావాటికి ఆ భాగ్యం లేదు. ఎర్ర ప్రైమరు మీద రంగు, అంతే.

మా ఊరికి సముద్రం దగ్గర. అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది కనుక, రంగు గీకే ముందు చట్రాన్ని మంచినీళ్లతో కడగాలని వెల్డరుగారు చెప్పారు. మొదటి కిటికీని మా పనివాడు బోరు నీళ్లతో కడిగాడు. మా బోరు నీళ్లు నోట పోసుకుంటే ఉప్పు తెలుస్తుంది! మర్నాటికి తెల్లగా గీకిన ఇనుము మీద నారింజరంగు పొర కమ్మేసింది. ఆ కిటికీని మళ్లీ గీకించి, మంచినీళ్ల కుళాయి నుంచి బిందెలతో పట్టిన నీళ్లతో కడిగించి, గుడ్డతో తుడిచి ఎండలో ఆరనిచ్చాం. అక్కడినుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఉదయం గీకిన మేరకు మధ్యాహ్నంలోపు జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు పడాలి, అంతకుమించి గీకకూడదు. రోజుకు ఒక్క కిటికీయే తెమిలేది. మేస్త్రీలకు ఈ పద్ధతి నచ్చదు. ఇల్లంతా ఒకేసారి గీకి, ఒకేసారి పూయడం వారికి అలవాటు.

పాత రంగును గీకేటప్పుడు పిల్లలను ఆ గది దరిదాపులకు రానివ్వలేదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది కాబట్టి, 1964 నాటి పొరల్లో సీసం ఉందనుకొని పని చేయడమే క్షేమం. పొడిగా రుద్దకుండా నీళ్లు చల్లి రుద్దించాను, గ్యాసు మంటతో కాల్చడానికి ఒప్పుకోలేదు, రాలిన పెచ్చులన్నీ పాత దుప్పటి మీద పట్టి మూటకట్టించాను.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది లప్పం. బజారులో దొరికే అవిసె నూనె, సుద్ద కలిపిన మామూలు లప్పం కర్ర కిటికీల కోసం చేసింది; అందులోని నూనెను కర్ర కొంత పీల్చుకుంటుంది కనుక అది గట్టిపడుతుంది. ఇనుము ఏమీ పీల్చదు. ఇది తెలియక మొదటి రెండు కిటికీలకు ఆ లప్పమే పెట్టించాను. మూడు వారాలైనా వేలితో నొక్కితే దిగబడేది, ఎండకు జారి కింది అంచున బొడిపెలు కట్టింది, ఒకచోట కాకి ముక్కుతో పొడుచుకు తినేసింది కూడా. దాన్నంతా తీసేసి, ఇనుప కిటికీలకని వేరుగా అమ్మే లప్పం రాజమండ్రి నుంచి తెప్పించాక గాని పని కుదుటపడలేదు. లప్పం పైపొర కట్టిన తరవాత రంగు వేసేటప్పుడు, ఆ రంగు అద్దం మీదికి రెండు మిల్లీమీటర్లు ఎక్కేలా గీత గీసినట్టు వేయించాలి. లప్పానికీ అద్దానికీ మధ్య సందును మూసేది ఆ సన్నటి గీతే. రంగు నీటుగా కనబడాలని కొందరు పెయింటర్లు బ్లేడుతో దాన్ని గీకేస్తారు. మా పెయింటరు చేతిలోంచి నేను బ్లేడు లాక్కోవలసి వచ్చింది.

ఇక వాడకం సంగతి. రెక్క పూర్తిగా తెరిస్తే కిటికీ మొత్తం గాలికి తెరుచుకుంటుంది. స్లైడింగులో ఎప్పుడూ సగమే కదా. సాయంత్రం కొబ్బరితోట మీదుగా వచ్చే గాలి హాల్లోంచి పెరటి గదిదాకా నడుస్తుంది. చట్రం సన్నగా ఉండడం వల్ల మా తమ్ముడి కొత్త ఇంటి ప్లాస్టిక్ కిటికీలకన్నా వెలుతురు ఎక్కువ. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను రాత్రి మా ఇంటి అద్దాలు రెండు పగిలాయి గాని రెక్క ఒక్కటీ ఊడలేదు. ఏటవాలు వాన కొట్టినప్పుడు మాత్రం పడమటి కిటికీల కింద నేల తడుస్తుంది. పాత గుడ్డ వేసుకోవలసిందే. వేసవి మధ్యాహ్నం చట్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

దోమల జాలి విషయంలో ఈ కిటికీలకు మార్కులు వేయలేను. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి జాలి లోపలే ఉండాలి, అప్పుడు పిడి అందదు. వెల్‌క్రో పట్టీతో అంటించే జాలి పెట్టుకున్నాం. రోజుకు రెండుసార్లు పీకి అంటించడంతో ఏడాదిన్నరకే పట్టీ పట్టు వదిలేస్తుంది. మా ఆవిడ ఈ ఒక్క కారణానికే ఇప్పటికీ కాంట్రాక్టరు పక్షం.

ఏటా సంక్రాంతి వెళ్లాక మంచినీళ్లలో కాస్త సబ్బు కలిపి చట్రాలన్నీ కడిగిస్తాను, పగిలిన లప్పం కనబడితే అక్కడికక్కడే గీకి ప్రైమరు, రంగు వేయిస్తాను, మడతబందుల్లో కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు వేస్తాను. మొదటి ఏడాది ఇంట్లో ఉన్నదే కదా అని కొబ్బరి నూనె పోశాను. మార్గశిరంలో అది గడ్డకట్టి, దుమ్ము పట్టి జిగురై, బాగుచేయించిన కిటికీలే మళ్లీ బిగుసుకుపోయాయి. కొబ్బరి సీమలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం ఆలోచన లేకపోయింది.

కూలి, వెల్డింగు, ఐదు కొత్త అద్దాలు, రంగులు, వృథా అయిన లప్పం కూడా కలిపి అప్పట్లో రూ.62,000 అయింది. ఆ తరవాత ఏటా రెండు వేలకు మించలేదు. వెల్డింగు చేసిన మూడింటిలో రెండు మూలలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మూడోది స్నానాలగది కిటికీ. చెడిన మేరకు తొమ్మిది అంగుళాలే కోసి అతుకు వేయడంతో, అతుకు పక్కనున్న పాత ఇనుము 2022లో మళ్లీ ఉబ్బింది. అప్పుడే కింది పట్టీ మొత్తం మార్పించి ఉండవలసింది. వచ్చే సంక్రాంతి తరవాత ఆ అద్దం తీయించి పట్టీ అంతా మార్పిస్తున్నాను. వెల్డరుగారు ఇప్పుడు పనికి రావడం లేదు, వాళ్లబ్బాయి వచ్చి కొలతలు తీసుకువెళ్లాడు. అతను కూడా ముందు స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాకే టేపు తీశాడు.