పింఛను పునఃపరిశీలనలో మా వార్డు సచివాలయం సేవ

పోలియోతో కాలు చచ్చుబడిన మా మేనత్తకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల దివ్యాంగ పింఛను అందేది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రాలను పునఃపరిశీలించినప్పుడు, వైకల్యం 40 శాతం కంటే తక్కువని నమోదు కావడంతో, అరవై దాటిన ఆమెను 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుకు మారుస్తున్నట్లు నోటీసు వచ్చింది. తగ్గిపోయే ఆ 2,000 రూపాయలతోనే ఆమె మందులు కొనుక్కుంటుంది.

మా వార్డు సచివాలయంలోని సంక్షేమ కార్యదర్శి అప్పుడు చేసిన సాయం నిజంగా ప్రశంసనీయం. నోటీసును ఆమెకు చదివి వినిపించి, అప్పీలు చేసుకునే హక్కు ఉందని ఓపికగా వివరించి, పాత ధ్రువపత్రం, ఆధార్ నకళ్లను అర్జీకి జతచేయించి, రసీదు కూడా ఇచ్చారు.

మళ్లీ పరీక్షకు పిలిచిన ఆసుపత్రిలో మాత్రం చక్రాల కుర్చీ కూడా లేదు. నడవలేని మనిషిని మెట్లెక్కి పై అంతస్తుకు రమ్మనడం అన్యాయం. మంచానికే పరిమితమైన పింఛనుదారుల ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లినప్పుడు, ఇలాంటి వృద్ధుల విషయంలోనూ ఆ ఏర్పాటు చేయవచ్చు కదా. నోటీసు అందినవారు పాత ధ్రువపత్రాన్ని భద్రంగా ఉంచుకొని, అర్జీ ఇచ్చిన చోట రసీదు తప్పక అడిగి తీసుకోవాలి.