మినియాపొలిస్‌లో రూఫ్ ఇన్‌స్పెక్షన్, రెండో ఆయనకి 5 స్టార్లు
ఇల్లు కొనే ముందు రూఫ్ చూపించాం. మొదటొచ్చినాయన కింద నుంచే ఫొటోలు తీసి బానే ఉంది అనేసి వెళ్ళిపోయాడు, అస్సలు నచ్చలేదు. రెండో ఆయన నిచ్చెనేసుకుని ఎక్కి షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) మీద గ్రాన్యూల్స్ (ఇసకలాంటి రేణువులు) ఎక్కడ రాలాయో చూపించి, తర్వాత అటిక్‌లోకి, అంటే కప్పు కింద ఉండే ఖాళీ చోట్లోకి దూరి అరగంట పైనే ఉన్నాడు. అసలు సంగతి అక్కడే బయటపడింది, మేకుల మొనలకి తుప్పు, చెక్క మీద నల్ల మరకలు, చూస్తే బాత్రూం ఫ్యాన్ గాలి బయటికి కాకుండా అటిక్‌లోకే వదిలేశారు, ఆ తేమే చలికాలం మంచులా పట్టి కరిగి కారుతోందంట. వేడి బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ పొర కూడా పల్చగా ఉంది, ఇంట్లో వేడి పైకెళ్ళి కప్పు మీద మంచు కరిగితే ఆ నీళ్ళు చూరు దగ్గర మళ్ళీ గడ్డకట్టి, వెనకొచ్చే నీళ్ళు షింగిల్స్ కిందకి ఎక్కుతాయి, అదే ఐస్ డ్యామ్ అని ఓపిగ్గా చెప్పాడు. మంచు పడకముందే పిలవండి, కప్పేశాక షింగిల్స్ ఏం కనపడవు.