ఏడాదికి నాలుగుసార్లు ట్రెయిలర్ లాగడానికి డీజిల్ కావాలా? ఫోర్డ్ ఎఫ్-250 పెట్రోలు పికప్‌తో రెండేళ్లు

మా ట్రావెల్ ట్రెయిలర్, అంటే బండి వెనుక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు, నీళ్లూ సామానూ నింపాక 7,500 పౌండ్లు, అంటే దాదాపు 3,400 కిలోలు తూగుతుంది. డాలస్ శివారులోని మా ఇంటి నుంచి ఏడాదికి మూడు నాలుగు సార్లు దాన్ని బండికి తగిలించుకుని బయలుదేరుతాము. వాటిలో ఎక్కువ ప్రయాణాలు దగ్గరలోని టెక్సాస్ సరస్సుల ఒడ్డు దాకానే. వేసవిలో ఒక్కసారి మాత్రం కొలరాడో కొండల్లోకి. మిగిలిన రోజులన్నీ ఈ పికప్ ఆఫీసుకూ, కిరాణా కొట్టుకూ, పిల్లల ఈత తరగతులకూ తిరిగే మామూలు బండే.

ఈ పనికి 2023లో కొత్త రూపం దిద్దుకున్న ఫోర్డ్ ఎఫ్-250 సూపర్ డ్యూటీని ఖాయం చేసుకోవడానికి మాకు వారం పట్టలేదు. చిక్కంతా ఇంజన్ దగ్గరే వచ్చింది. 7.3 లీటర్ల పెట్రోలు వి8 తీసుకోవాలా, 6.7 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ తీసుకోవాలా అని రెండు నెలలు తర్జనభర్జన పడ్డాము. అమెరికాలో ‘గ్యాస్’ అంటే పెట్రోలే కాబట్టి ఇక్కడ పెట్రోలు అనే రాస్తున్నాను. చివరికి పెట్రోలు బండే కొన్నాము. రెండేళ్లు నడిపాక ఆ నిర్ణయం గురించి పశ్చాత్తాపం లేదు గానీ, డీజిల్ కొన్నవారి మీద అసూయ కలిగిన చోట్లు రెండు ఉన్నాయి; వాటినీ దాచను.

మొదట మన బుర్రల్లో పాతుకుపోయిన ఒక అలవాటు గురించి చెప్పాలి. నేను పెరిగిన కాలంలో మన ఊళ్లలో డీజిల్ బండి అంటే పొదుపైన బండి. 2014 అక్టోబరులో ధరల నియంత్రణ ఎత్తివేసేదాకా డీజిల్‌ను ప్రభుత్వమే చవగ్గా ఇప్పించేది కాబట్టి ఆ లెక్క అక్కడ సరైనదే. అందుకే నేను పెట్రోలు అనగానే నెల్లూరు మిత్రుడొకాయన, “అన్నా, ఇంత పెద్ద బండికి పెట్రోలు పోయిస్తే ఇల్లు గుల్లవుతుంది గదా!” అన్నాడు. అయితే అమెరికాలో డీజిల్‌కు ఆ రాయితీ లేదు సరికదా, గ్యాలన్ మీద కేంద్ర పన్ను పెట్రోలుకు 18.4 సెంట్లయితే డీజిల్‌కు 24.4 సెంట్లు. బంకులో బోర్డు చూస్తే సాధారణంగా డీజిల్ ధరే ఎక్కువ ఉంటుంది.

కాగితం పెట్టి లెక్క వేసుకుందాము. ఈ తరగతి బళ్లు 8,500 పౌండ్ల స్థూల బరువు పరిమితిని దాటినవి కాబట్టి, చిన్న కార్లకు అద్దం మీద అంటించే అధికారిక మైలేజీ చీటీ వీటికి ఉండదు. నడిపినవాడి పుస్తకమే ఆధారం. నా పుస్తకం ప్రకారం ట్రెయిలర్ లేనప్పుడు ఊరూ హైవే కలిపి గ్యాలన్‌కు 14 మైళ్లు, ట్రెయిలర్‌తో 9 మైళ్లు వస్తున్నాయి. ఇదే పని చేసే డీజిల్ బండికి 18, 12 అనుకుందాము. డీజిల్ నడిపే మిత్రులు చెప్పే అంకెలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మేము ఏడాదికి తిరిగే 8,000 మైళ్లలో ట్రెయిలర్‌తో నడిచేవి దాదాపు 2,000. గ్యాలన్ పెట్రోలు 3 డాలర్లు, డీజిల్ 3 డాలర్ల 60 సెంట్లు చొప్పున వేస్తే, పెట్రోలు బండికి ఏడాదికి సుమారు 1,950 డాలర్లు, డీజిల్ బండికి 1,800 డాలర్లు అవుతాయి. తేడా 150 డాలర్లు. డీజిల్ ఇంజన్ కోసం మొదట్లో కట్టవలసిన అదనపు సొమ్ము దాదాపు 10,000 డాలర్లు. తిరిగి అమ్మేటప్పుడు అందులో సగం వెనక్కి వస్తుందనుకున్నా, మిగిలిన సగం ఇంధనంలో రాబట్టుకోవడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది.

ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. ఏడాదికి 20,000 మైళ్లు ట్రెయిలర్‌తోనే తిరిగేవాడికి కూడా, ఇవే ధరల్లో, ఇంధనం మీద మిగిలేది 700 డాలర్ల లోపే. కాబట్టి డీజిల్‌ను ఇంధనం పొదుపు కోసం కొనడమనేది ఈ దేశంలో దాదాపుగా అర్థం లేని మాట. దాన్ని కొనవలసింది బలం కోసం, దిగుడులో నిలుపుదల కోసం.

ఆ బలం మాత్రం మామూలుది కాదు. 7.3 పెట్రోలు ఇంజన్ ఇచ్చేది 430 హార్స్‌పవర్, 485 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం). డీజిల్ ఇచ్చేది 475 హార్స్‌పవర్, 1,050 పౌండ్-అడుగులు. హై అవుట్‌పుట్ అనే పై రకంలో టార్క్ 1,200 దాకా వెళ్తుంది. హార్స్‌పవర్‌లో పెద్ద తేడా లేకపోయినా టార్క్ రెట్టింపుకు మించి ఉండటం వల్ల, డీజిల్ బండి 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లోపలే నిశ్శబ్దంగా చేసే పనిని పెట్రోలు బండి 4,000 దాటి గొంతెత్తి చేయవలసి వస్తుంది. టెక్సాస్ మైదానంలో, ముఖ్యంగా 35వ అంతర్రాష్ట్ర రహదారి మీద ఆస్టిన్ వైపు వెళ్లేటప్పుడు, ఈ తేడా మాకు తెలియనే తెలియదు. పది గేర్ల ట్రాన్స్‌మిషన్ అప్పుడప్పుడూ ఒక గేరు కిందికి దిగుతుంది, అంతే.

తెలిసేది కొండల్లో. టెక్సాస్, న్యూ మెక్సికో మీదుగా కొలరాడోలోకి దాటే చోట రటోన్ కనుమ ఉంది. ఎత్తు 7,834 అడుగులు. అంతకంటే గట్టి పరీక్ష 70వ అంతర్రాష్ట్ర రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం. అది 11,158 అడుగుల ఎత్తున ఉంది. పడమటి వైపున డిలన్ నుంచి సొరంగం దాకా దాదాపు 8 మైళ్లు 7 శాతం దాకా ఎక్కుడు ఉండటంతో, ఇలాంటి బళ్లను పరీక్షించే ఆటోమొబైల్ పాత్రికేయులు తరచూ అక్కడికే వెళ్తుంటారు. టర్బో లేని పెట్రోలు ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే సొరంగం దగ్గరికి చేరేసరికి నా 430 హార్స్‌పవర్‌లో మూడోవంతు గాలిలో కలిసిపోయి, మిగిలేది 290 ప్రాంతం. డీజిల్ ఇంజన్‌కు టర్బో ఉంటుంది కాబట్టి పల్చని గాలిని ఒత్తి లోపలికి పంపుకుని చాలావరకు తన బలాన్ని నిలుపుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో ఆ ఎక్కుడు మీద మా బండి కుడి వరుసలో 50, 55 మైళ్ల వేగంతో, 4,500 ఆర్‌పీఎం పైన మోత మోగిస్తూ ఎక్కింది. మొదటిసారి వెనుక సీటులో పిల్లలు కబుర్లు ఆపేశారు. నా భార్య ఉష్ణోగ్రత ముల్లు వైపే చూస్తూ కూర్చుంది. ముల్లు కదలలేదు. ఈ ఇంజన్ అంత వేగంగా తిరగడానికి తయారైనదే. మోతను ఆపదగా పొరబడటం మన చెవి తప్పు. అయినా ఎడమ వరుసలో మాకంటే పెద్ద ట్రెయిలర్‌తో ఒక డీజిల్ బండి నిమ్మకు నీరెత్తినట్టు దాటిపోతుంటే, అసూయ కలగలేదంటే అబద్ధమే. ఇది నేను చెప్పిన రెండు చోట్లలో మొదటిది.

ఎక్కడం కన్నా దిగడం గురించే ఎక్కువ ఆలోచించాలని ఘాట్ రోడ్డు మీద లారీ నడిపిన ఎవరిని అడిగినా చెబుతారు. డీజిల్ బండిలో ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది. టర్బోలోని రెక్కలు మూసుకుని పొగ దారిని బిగించి, ఇంజన్ చేతనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు బండిలో ఆ సదుపాయం లేదు. బరువు లాగేటప్పటి కోసం ఉన్న టో/హాల్ మీట నొక్కితే ట్రాన్స్‌మిషన్ గేర్లు కిందికి దింపి ఇంజన్‌తో నిలుపుతుంది. మా 7,500 పౌండ్లకు, ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు కూడా ఉన్నాయి కాబట్టి, అది చాలింది. మధ్యమధ్య మూడు నాలుగు సార్లు బ్రేకు తొక్కవలసి వచ్చింది. అదే పికప్ వెనుక పెట్టెలోనే బిగించి లాగే 14,000 పౌండ్ల ఫిఫ్త్‌వీల్ ట్రెయిలర్ అయితే ఆ దారిలో పెట్రోలు బండితో దిగడానికి నేను సాహసించను. నా దృష్టిలో డీజిల్‌కు ఉన్న అసలైన సమర్థన ఈ ఒక్క బ్రేకే.

ఇక చాలామంది పట్టించుకోనిది పేలోడ్. డ్రైవరు తలుపు చట్రం మీద పసుపు అంచు చీటీ ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించరాదో అందులో అచ్చు వేసి ఉంటుంది. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా హిచ్ (ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం) మీద, అంటే బండి మీదే పడుతుంది. మా లెక్కలో అది 900 పౌండ్లు. నలుగురు మనుషులు, హిచ్ సరంజామా, వెనుక పెట్టెలో కట్టెలూ సైకిళ్లూ కలిపితే 1,900 దాటుతుంది. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్ కంటే కొన్ని వందల పౌండ్లు బరువు కాబట్టి ఆ మేరకు పేలోడ్ తగ్గిపోతుంది. నేను చూసిన రెండు బళ్ల చీటీల మధ్య తేడా దాదాపు 600 పౌండ్లు. తోలు సీట్లూ పైకప్పు అద్దమూ ఉన్న పై తరగతి కావడం వల్ల కూడా అందులో కొంత పోయింది. ఎక్కువ బరువు లాగగల బండి తక్కువ బరువు మోయడం విడ్డూరంగా అనిపించవచ్చు గానీ, కొనేవారు ముందుగా చదవవలసినది ఆ చీటీనే. నేను వెళ్లిన ఒక షోరూములో అమ్మకందారు లాగుడు సామర్థ్యం అంకెను నాలుగుసార్లు చెప్పాడు. పేలోడ్ అడిగితే కాఫీ తాగుతారా అన్నాడు.

డీజిల్ బండిని తక్కువగా, దగ్గర దూరాలకు తిప్పితే వచ్చే తంటా వేరు. పొగలోని మసిని పట్టే వడపోత, అదే డీపీఎఫ్, నిండినప్పుడు బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలి. అందుకు హైవే మీద కొంతసేపు ఆపకుండా నడవాలి. మా వీధిలోని ఒకాయన తన డీజిల్ పికప్‌ను, కంపెనీ ఏదైతేనేం, మూడు మైళ్ల దూరంలోని బడికే ఎక్కువగా తిప్పేవాడు. ఆ కాల్పు ఎన్నడూ పూర్తికాక రెండుసార్లు సర్వీసుకు ఇచ్చి రావలసి వచ్చింది. ఇప్పుడు శనివారం పొద్దున్నే పని లేకపోయినా హైవే మీద ఒక చుట్టు కొట్టి వస్తున్నాడు. దీనికి తోడు డెఫ్ అనే ద్రవం కూడా పోస్తుండాలి. అది 32.5 శాతం యూరియా, మిగిలినది నీళ్లు; పొలంలో చల్లే యూరియా ఇక్కడ పొగను శుభ్రం చేస్తుందన్నమాట. అది అయిపోతే బండి తన వేగాన్ని తానే కట్టడి చేసుకుంటుంది. ఈ తంటా వదిలించుకోవడానికి ఆ పరికరాలను పీకించడం చట్టవిరుద్ధం. ఎవరైనా సలహా ఇచ్చినా వినవద్దు.

సర్వీసు విషయం క్లుప్తంగా చెబుతాను. పెట్రోలు ఇంజన్‌లో పట్టే ఆయిల్ 8 క్వార్టులు, డీజిల్‌లో 13. డీజిల్‌కు మార్చవలసిన ఇంధన ఫిల్టర్లు అదనం. కెనడాలోని విండ్సర్‌లో తయారయ్యే ఈ 7.3 ఇంజన్ చాలా పాతకాలపు పద్ధతిది: ఇనుప బ్లాకు, బ్లాకులోనే వాల్వులను తెరిచే ఒకే క్యామ్, సిలిండర్‌కు రెండే వాల్వులు, టర్బో లేదు. 2020 మోడల్‌తో వచ్చిన దీన్నే ఫోర్డ్ పెద్ద లారీలకూ, మోటార్‌హోమ్‌ల చట్రాలకూ వాడుతోంది. లోపల పాడయ్యే వస్తువులు తక్కువగా ఉండటమే నాకు దీనిలో నచ్చిన గుణం. అయితే ఇంజన్ వారంటీ పెట్రోలుకు 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లయితే, డీజిల్‌కు 5 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు. ఎక్కువ తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

అసూయ కలిగిన రెండో చోటు పెట్రోలు బంకు. మా ట్యాంకు 34 గ్యాలన్లే కావడం వల్ల ట్రెయిలర్‌తో 250 మైళ్లకు ఒకసారి ఆగక తప్పదు. డీజిల్ బండివాడు ట్రక్ స్టాపులో లారీల వరుసలోకి తిన్నగా పోయి, నింపుకుని, తిన్నగా బయటికి వస్తాడు. నేను 30 అడుగుల ట్రెయిలర్‌తో కార్ల వరుసలోకి దూరి, ముందు నిలిపినవాడు చిప్స్ కొనుక్కుని వచ్చేదాకా ఎదురుచూసి, వెనుక చక్రం స్తంభానికి తగలకుండా మలుపు తిప్పుకోవాలి. అమరిల్లో దగ్గర ఒకసారి ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాక, బయలుదేరే ముందే ఉపగ్రహ చిత్రంలో బంకు ఆకారం చూసుకోవడం నేర్చుకున్నాను.

పోటీ కంపెనీల లెక్క కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. షెవ్రొలె, జీఎంసీ బళ్లలో 6.6 లీటర్ల పెట్రోలు ఇంజన్ 401 హార్స్‌పవర్ ఇస్తే, డ్యూరామ్యాక్స్ డీజిల్ 470 ఇస్తుంది. ర్యామ్‌లో కమిన్స్ ఆరు సిలిండర్ల డీజిల్‌కు ఉన్న పేరు వేరే చెప్పనక్కర్లేదు. ఏది చూసినా ప్రశ్న మారదు: ఎంత బరువు, ఏ కొండ, ఏడాదికి ఎన్ని మైళ్లు. 10,000 పౌండ్ల లోపు ట్రెయిలర్‌ను అప్పుడప్పుడూ లాగేవారికి పెట్రోలు చాలు. 12,000 దాటి, ఏటా పలుమార్లు కొండలెక్కేవారు డీజిల్ తీసుకోవడమే మంచిది. 5,000 పౌండ్ల లోపే అయితే అసలు ఇంత పెద్ద బండి అక్కర్లేదు, ఫోర్డ్‌దే చిన్న పికప్ ఎఫ్-150 సరిపోతుంది.

కొనేటప్పుడు నేను పట్టించుకోనిది ఒకటుంది: వెనుక ఇరుసు నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ ఎన్ని చుట్లు తిరగాలన్న అంకె. షోరూములో సిద్ధంగా ఉన్న బండి 3.73తో ఉంటే అదే తీసుకున్నాను. 4.30 ఉన్న బండిలో అదే ఇంజన్ చక్రాలకు దాదాపు 15 శాతం ఎక్కువ టార్క్ ఇస్తుంది. డిలన్ ఎక్కుడులో అది ఒక గేరు తేడా. అందుకు ఖాళీగా తిరిగేటప్పుడు కొద్దిగా మైలేజీ తగ్గుతుందన్న మాట నిజమే. ఇదే పెట్రోలు బండిని మళ్లీ కొనవలసి వస్తే, మూడు నెలలు ఆగవలసి వచ్చినా 4.30తోనే తెప్పించుకుంటాను.