ఏడేళ్ళుగా వాడుతున్న ఒక ఫైలు గురించి

2018 ఏప్రిల్‌లో జర్మనీ చేరిన మొదటి వారంలో మావారు ఒక గట్టి అట్ట ఫైలు, కాగితాలకు రెండు రంధ్రాలు చేసే పంచింగ్ మిషను కొనుక్కొచ్చారు. ఇంట్లో ఇంకా వంటగిన్నెలే లేవు, వీటికేం తొందర అని అడిగాను. "ఇక్కడ అన్నీ ఉత్తరాల మీదే నడుస్తాయి, చూస్తావుగా" అన్నారు. ఈసారి సెలవులకు శ్రీకాకుళం వస్తూ ఆ ఫైలును చేతిసంచిలో పెట్టుకుని తెచ్చాను. మా వీధిలోనే ఇద్దరు పిల్లలు జర్మనీలో చదువుకు సిద్ధమవుతున్నారు. "అక్కా, ఏమేం తీసుకెళ్ళాలి" అని రోజూ అడుగుతున్నారు. వాళ్ళకు ఫైలు తెరిచి చూపిస్తూ చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. ఏ4 కాగితం పట్టే ఫైలు, వెన్ను ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు. లోపలున్న ఇనుప మీట ఎత్తితే కమ్మీలు తెరుచుకుంటాయి, దించితే మూసుకుంటాయి. పంచింగ్ మిషనుకు 1886లో బాన్ నగరంలో ఫ్రీడ్రిష్ సోనెకెన్ పేటెంటు తీసుకున్నాడు. ఈ మీటను 1896లో స్టుట్‌గార్ట్‌కు చెందిన లూయిస్ లైట్స్ రూపొందించాడు. రంధ్రాల మధ్య దూరం ఎప్పుడూ ఎనిమిది సెంటీమీటర్లే కాబట్టి ఏ దుకాణంలో కొన్న ఫైలైనా ఏ మిషనుకైనా సరిపోతుంది. మాది చవక రకం. అట్ట మూలలు నలిగాయి, మీట మాత్రం మొదటిరోజులాగే బిగుతుగా ఉంది.

అందులో మొదటి కాగితం చిరునామా నమోదుది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయానికి వెళ్ళి నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం లేకపోతే ఆ పని జరగదు. నమోదయ్యాక పదకొండు అంకెల పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది. మాకు రాలేదు. మూడు వారాలు చూశాక తెలిసింది, ఉత్తరాల పెట్టె మీద మా ఇంటిపేరు అంటించలేదట. పేరు లేని పెట్టెలో అక్కడి పోస్ట్‌మన్ ఉత్తరం వేయడు, వెనక్కి పంపేస్తాడు. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో నాన్న పేరు రాస్తే చాలు, ఉత్తరం ఇంటికొచ్చేది. అందుకే ఆ ఊహే మాకు రాలేదు. ఇల్లు తాళం తీయగానే చేయాల్సిన మొదటి పని పెట్టె మీద పేరు అంటించడం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ అక్షరాలతో ఉందో అవే అక్షరాలు రాయండి.

పసుపు రంగు కవరు వస్తే మరింత జాగ్రత్త. అధికారిక ఉత్తరాన్ని ఎప్పుడు అందించారో ఆ తేదీని పోస్ట్‌మన్ కవరు మీదే రాస్తాడు. గడువు ఆ తేదీ నుంచే లెక్క. మీరు ఊళ్ళో లేకపోయినా, పెట్టెలో పడిందంటే అందినట్టే. కాబట్టి కవరు పారేయకూడదు, దానికీ రంధ్రాలు చేసి ఉత్తరం వెనక పెట్టాలి. నివాస అనుమతి పొడిగింపు కూడా అంతే. పాతదాని గడువు ముగిసేలోపు దరఖాస్తు చేస్తే, కొత్త కార్డు ఎంత ఆలస్యమైనా పాత హక్కులు కొనసాగుతాయి. ఒకరోజు దాటినా చిక్కే. మేము దరఖాస్తు అందినట్టు వచ్చిన జవాబును ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం. తర్వాత ఒక అధికారి "మీ దరఖాస్తు కనబడటం లేదు" అన్నప్పుడు ఆ ఒక్క కాగితమే మమ్మల్ని నిలబెట్టింది.

ఇక్కడిదాకా ఫైలుకు వంక పెట్టలేను. మన దేశపు కాగితాలకు మాత్రం ఇది పనికిరాదు. అసలు ప్రతులకు రంధ్రాలు చేయలేం. స్టాంపు పేపరు ఏ4 కంటే పొడవు, అంచు బయటికొచ్చి చిరుగుతుంది. నా పదో తరగతి సర్టిఫికెట్ పాడవకూడదని నాన్న ఎంతో శ్రద్ధగా లామినేషన్ చేయించారు. ప్లాస్టిక్ మీద ఏ ముద్రా వేయలేరు కాబట్టి అటెస్టేషన్‌కు అది చెల్లలేదు, కొత్త ప్రతి కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాల్సివచ్చింది. దయచేసి ఏ సర్టిఫికెట్‌నూ లామినేషన్ చేయించకండి. పారదర్శక కవర్లు చాలు.

ఈ ఫైల్లో నేను ఇప్పటికీ స్థిమితంగా చూడలేని కాగితం ఒకటుంది. 2019లో మాకు పాప పుట్టింది. అక్కడ బిడ్డ పుట్టిన వారంలోపు జననం నమోదు చేయించాలి. తల్లిదండ్రుల పెళ్ళిపత్రం, జననపత్రాలు అడుగుతారు. మావారు విజయనగరంలో ఆసుపత్రిలో పుట్టారు, ఆయనకు జననపత్రం ఉంది. నేను 1991లో ఇంట్లోనే, మంత్రసాని చేతిలో పుట్టాను. నా పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. పాస్‌పోర్టుకు జననపత్రమే కావాలన్న నిబంధనను 2016 డిసెంబరులో సడలించాక పదో తరగతి సర్టిఫికెట్‌తోనే పాస్‌పోర్టు తీసుకున్నాను, ఇంకేం అవసరం ఉండదనుకున్నాను. పాప జననానికి మాకిచ్చిన పత్రంలో నా పేరు కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. తల్లి గుర్తింపు నిరూపణ కాలేదని. పక్కన ఉయ్యాల్లో నేను కన్న బిడ్డ నిద్రపోతోంది. ఆ వాక్యాన్ని నిఘంటువు పెట్టుకుని మూడుసార్లు చదివాను.

తర్వాత తిరిగినదంతా మా నాన్న. పంచాయతీలో రికార్డు లేదన్న పత్రం, అఫిడవిట్, మీసేవలో ఆలస్య నమోదు దరఖాస్తు, తహసీల్దారు విచారణ, ఆర్డీవో ఉత్తర్వు. అప్పటికే అరవై దాటిన మనిషి, ఎండలో బస్సులు మారుతూ తిరిగారు. పత్రం వచ్చాకా పని పూర్తికాలేదు. ఒక దేశపు పత్రాన్ని మరో దేశం నేరుగా ఒప్పుకునేలా వేసే ముద్రను అపోస్టిల్ అంటారు. భారత్ 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరినా జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల మన అపోస్టిల్ ముద్ర మా విషయంలో పనికిరాలేదు, పత్రం నిజమైనదో కాదో జర్మన్ కాన్సులేట్ తరఫున ఒక న్యాయవాది విచారించాల్సివచ్చింది. వాళ్ళ మనిషి మా ఊరొచ్చి ఇరుగుపొరుగును అడిగారు, నేను చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. ఆ సాయంత్రం నాన్న ఫోనులో, "1996లో నిన్ను బళ్ళో వేసినప్పటి పేజీ దొరికిందమ్మా, నీ పేరు పక్కన నా సంతకం అలాగే ఉంది" అన్నారు. పధ్నాలుగు నెలల తర్వాత ఆ వాక్యం లేని పత్రం మా చేతికొచ్చింది. పాతదాన్ని పారేయలేదు, కొత్తదాని వెనకే పెట్టాను.

బయలుదేరేవాళ్ళు మొదట చూసుకోవాల్సింది జననపత్రమే. లేకపోతే విమానం టికెట్టు కొనకముందే ఆ పని మొదలుపెట్టండి. ఇప్పుడు మన దేశంలో పిల్లలు పుట్టినవాళ్ళయితే 21 రోజుల్లోపు రుసుము లేకుండానే నమోదవుతుంది. పేరు పెట్టకుండా నమోదు చేయించి ఉంటే పదిహేనేళ్ళలోపు చేర్పించుకోవచ్చు, బారసాల కాగానే చేయిస్తే మరీ మంచిది. పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు ఒకేలా ఉందా, ఒకచోట పొడి అక్షరంగా మిగిలిపోయిందా చూసుకోండి. ఫైలు మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్ళవద్దు, అక్కడ ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. ఆ చోట్లో జననపత్రం అసలు ప్రతులు రెండు పెట్టుకోండి.