చెన్నైలో జర్మన్ షెపర్డ్: దాదాపు తొమ్మిదేళ్ళ పెంపకం తర్వాత

మడిపాక్కంలోని మా ఇంట్లో జర్మన్ షెపర్డ్ జాతి మగకుక్క పెరుగుతూ తొమ్మిదేళ్ళు కావస్తోంది. దాని పేరు డ్యూక్. తూకం 36 కిలోలు. బంధువుల్లో గాని, ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాల్లో గాని పెద్ద కుక్కను కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ధర, ఆ తర్వాత తిండి ఖర్చు. నా లెక్కలో ఈ రెండూ వెనుక వరుసలోవే. ఇంట్లో ఆ కుక్క లీష్ పట్టుకొని తెల్లవారకముందే బయటికి తీసుకువెళ్ళగల పెద్దవాళ్ళు ఎందరున్నారు, వారిలో ఒకరికి జ్వరం వచ్చినా ఒకరు ఊరికి వెళ్ళినా ఆ పని చేసే రెండోవారు ఉన్నారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గణతంత్ర దినోత్సవ కవాతులోనో, విమానాశ్రయంలోనో ఈ జాతిని చూసి ముచ్చటపడేవారు కుక్కనే చూస్తారు గాని పక్కన నడిచే హ్యాండ్లర్‌ను చూడరు. సైన్యంలోనైనా పోలీసు శాఖలోనైనా ఒక్కొక్క కుక్కకు ప్రత్యేకంగా మనిషిని కేటాయిస్తారు. దాని నడక, తిండి, శుభ్రత, శిక్షణ ఆ మనిషికి ఉద్యోగం. అదే కుక్కను మనం ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆ ఉద్యోగం ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది, మా ఇంట్లో అది నా మీద పడింది.

ఈ జాతి పుట్టిందే పనికోసం. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ సైనికాధికారి 1899లో హోరాండ్ అనే గొర్రెల కాపలా కుక్కను మూలంగా తీసుకొని జాతి సంఘాన్ని ప్రారంభించారు. మందను గట్టు దాటనీయకుండా రోజంతా అటూ ఇటూ తిరగడం, కాపరి సంజ్ఞ కోసం కనిపెట్టుకొని ఉండడం దాని రక్తంలో ఉన్న పనులు. నగరంలో మంద లేకపోయినా ఆ గుణం ఎక్కడికీ పోదు. మా అబ్బాయి స్నేహితులు వాకిట్లో పరుగెత్తి ఆడుకుంటుంటే డ్యూక్ వాళ్ళ చుట్టూ తిరిగి ఒక మూలకు చేర్చేది, మడమల దగ్గర మూతితో పొడిచేది. అది కరవడం కాదని నాకు తెలుసు. ఆ పిల్లల తల్లులకు తెలియవలసిన అవసరం లేదు. అందువల్ల చిన్నపిల్లలు తరచుగా వచ్చిపోయే ఇల్లయితే, మొదటి రెండేళ్ళు ప్రతిసారీ ఒక పెద్దవారు దగ్గర ఉండవలసిందే. ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా సాగే కౌమారంలో అప్పటిదాకా నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టు ప్రవర్తిస్తుంది. కుక్కలను వదిలించుకోవాలని ప్రకటనలు ఇచ్చేవారిలో చాలామంది కుక్కల వయసు సరిగ్గా ఈ మధ్యలోనే ఉండడం నేను గమనించాను.

నడక ఒక్కటే చాలదన్నది రెండో సంగతి. ఉదయం ఒక గంట, సాయంత్రం ముప్పావు గంట నడిపించినా, బుర్రకు పని లేకపోతే ఇది చెప్పుల మీదా తలుపు చెక్కల మీదా ఆ శక్తిని చూపిస్తుంది. దాని వాసన తగిలిన గుడ్డను గదుల్లో దాచి వెతికించడం, అన్నం ముందు కూర్చోబెట్టి అనుమతి ఇచ్చేదాకా ఆపడం, రోజూ పది పదిహేను నిమిషాలు ఆజ్ఞలు సాధన చేయించడం వంటివి నడక కన్నా ఎక్కువ అలసట తెప్పిస్తాయి. వేసవిలో నడక సగానికి సగం తగ్గిపోయే ఊరు కాబట్టి చెన్నైలో వీటి విలువ మరీ ఎక్కువ.

ఇక ఎండ సంగతి. చెన్నైలో పెద్ద కుక్కను పెంచడంలోని కష్టంలో సగం దీనిదే. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైన ఊరు ఇది. కర్తరి రోజుల్లో నలభై దాటడం మనకు కొత్త కాదు. అయితే అంకె కన్నా తేమ ఎక్కువ ప్రమాదకరమని నా అనుభవం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుంది. నోరు తెరిచి వగరుస్తూ నాలుక మీది తడిని ఆవిరి చేసుకోవడమే దానికి ప్రధానమైన ఉపాయం, గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఆ ఆవిరి సరిగా జరగదు. అందుకే మధ్యాహ్నం ముప్పై ఎనిమిది ఉన్న రోజు కన్నా, గాలి కదలని సెప్టెంబరు సాయంత్రాల్లో డ్యూక్ ఎక్కువ ఇబ్బంది పడటం చూశాను. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. అది 105 దాటితే ప్రాణాపాయం. అప్పుడు ఒళ్ళంతా చల్లని నీళ్ళతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోవడం అతిజాగ్రత్త కాదు.

దీనివల్ల మా ఇంటి గడియారమే మారిపోయింది. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఆరు లోపల నడక ముగియాలి, సాయంత్రం ఏడు దాటాకే మళ్ళీ గేటు తీయాలి. తారు రోడ్డు మీద చేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. ఎండకు ఉపశమనంగా ఉంటుందని కొందరు దీని బొచ్చు గీయించేస్తారు, అది పొరపాటు. పైబొచ్చు కింద మెత్తని లోబొచ్చు ఉన్న రెండు పొరల జాతి ఇది. ఆ పైపొర ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది, గీయించిన తర్వాత అది మునుపటిలా పెరుగుతుందన్న హామీ కూడా లేదు. గీయించడానికి బదులు రోజూ దువ్వి, రాలే లోబొచ్చును తీసేయాలి. ఎంత దువ్వినా ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. మడతపెట్టిన పట్టుచీరలోనూ వెంట్రుక కనిపిస్తుందని ఒప్పుకోగలిగినవారే ఈ జాతి జోలికి రావాలి. మధ్యాహ్నాలు ఒక గదిలో ఏసీ తప్పదు, దానితో రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యానైనా తిరిగేలా ఇన్వర్టరు ఉండాలి. తిండి ఖర్చు అడిగేవారెవరూ ఈ ఖర్చును అడగరు.

పిడుదుల గురించి ఏ అమ్మకందారూ చెప్పడు. మన ఉక్కపోత వాతావరణంలో అవి ఏడాదంతా ఉంటాయి, వానల తర్వాత మరీ పెరుగుతాయి. వాటి కాటు వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం అన్ని కుక్కలకూ వస్తుంది గాని జర్మన్ షెపర్డ్‌లలో తీవ్రంగా ఉంటుందని పశువైద్యులంతా చెబుతారు. డ్యూక్ నాలుగో ఏట తిండి మానేసి, నీరసించి, చిగుళ్ళు పాలిపోయి, చివరికి ముక్కు నుంచి రక్తం కారే స్థితికి వచ్చింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ మాత్రలు వేయవలసి వచ్చింది. కడుపులో తిప్పకుండా అన్నంతో పాటే వేయాలన్నారు, తిండే ముట్టని కుక్కకు అది ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. అప్పటి నుంచి పిడుదుల నివారణ మాత్ర ఏ నెలా తప్పలేదు. నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద వెతకడం అలవాటైంది. వేపేరీలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఈ ఊరివారికి ఉన్న పెద్ద ఆసరా. వరుసలో నిలబడే ఓపిక ఉంటే నిపుణులు, పరీక్షలు అన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయి.

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. పెద్ద జాతి పిల్లలకోసం తయారైన ఆహారంలో కాల్షియం పాళ్ళు సరిచూసి పెడతారు. దాని మీద మళ్ళీ కాల్షియం సిరప్ పోయడం ఎముకల ఎదుగుదలకు మంచిది కాదు. పిల్లను లావుగా పెంచకూడదు, ఏడాదిన్నర వచ్చేదాకా ఎత్తుల నుంచి దూకించకూడదు. లోతైన ఛాతీ ఉన్న జాతి కాబట్టి కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంటుంది. అందువల్ల ఒకేసారి కుప్ప పోయకుండా రెండు పూటలుగా పెట్టి, తిన్న తర్వాత గంటకు పైగా పరుగులు లేకుండా చూస్తాము. పెరుగన్నంతోనే పెంచవచ్చా అని మా పిన్నిగారు ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. ఈ కుక్కకు అది చాలదు. మొదట మేము అద్దెకున్న ఇంటి యజమాని శాకాహారులు, కుక్కకు అభ్యంతరం చెప్పలేదు గాని కోడిమాంసం ఉడికించడానికి ఒప్పుకోలేదు. చెన్నైలో అద్దెకుండేవారు కుక్కకు అనుమతి ఉందా అని అడిగేటప్పుడు దాని వంటకు కూడా అనుమతి ఉందా అని ఆ నోటితోనే అడిగి తీరాలి.

కాపలా కోసమే కొంటున్నామనేవారికి ఒక మాట. ఈ కుక్క కాపలా కాస్తుంది, నేర్పనక్కరలేదు. నేర్పవలసింది ఎప్పుడు ఊరుకోవాలన్నది. పాల ప్యాకెట్ వేసేవారు, గ్యాస్ తెచ్చేవారు, పనమ్మాయి, వారానికోసారి వచ్చే అత్తగారి చెల్లెలు, వీరందరినీ చూసి అది ప్రశాంతంగా ఉండాలంటే మూడు నెలలు నిండేలోపే రకరకాల మనుషులను, శబ్దాలను, ఆటోలను, గొడుగులను దానికి పరిచయం చేయాలి. టీకాలు పూర్తికాని వయసు కాబట్టి అప్పట్లో ఒళ్ళో పెట్టుకొని వీధి చూపించేదాన్ని. గేటుకు గొలుసుతో కట్టి ఉంచిన కుక్క మంచి కాపలాదారు అవుతుందన్న నమ్మకం మన ఊళ్ళలో ఇంకా ఉంది. అలా కట్టినది అందరి మీదా మొరుగుతుంది, దొంగకూ పోస్ట్‌మ్యాన్‌కూ తేడా తెలియని మొరుగుడు ఇంటివారు కూడా పట్టించుకోరు.

2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ సర్క్యులర్ ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. కానీ మే నెలలో థౌజండ్ లైట్స్ ప్రాంతపు పార్కులో రెండు రాట్‌వీలర్లు ఐదేళ్ళ పాపను గాయపరచిన తర్వాత మా వీధిలో ఎవరూ జాతులను వేరుచేసి చూడలేదు. డ్యూక్‌ను చూసి రోడ్డు దాటిపోయినవారిలో అంతకు ముందు దాని తల నిమిరినవారు కూడా ఉన్నారు. వారి భయం తప్పని నేను అనను. కార్పొరేషన్ లైసెన్సు, ఏటా రేబిస్ టీకా, బయట లీష్, జనం ఉన్నచోట మూతికి చిక్కం, ఇవన్నీ నియమంగా పాటించాలి. లైసెన్సు నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి కుక్కపిల్లకు అడ్వాన్సు ఇవ్వకముందే తాజా నిబంధన చూసుకోవాలి.

చిక్కం అలవాటు చేసిన ఫలితం నాకు 2023 డిసెంబరులో, మిచాంగ్ తుపాను రోజుల్లో తెలిసింది. నీళ్ళు వాకిలి దాటి లోపలికి వచ్చాయి, కరెంటు లేదు, పైఅంతస్తువారు మమ్మల్ని పిలిచారు. వారింట్లో ముసలాయన ఉన్నారు, కుక్కంటే భయం. డ్యూక్ చిక్కంతో ఆ హాలులో ఒక మూల పడుకొని ఆ రాత్రి గడిపింది. 36 కిలోల కుక్కను చీకటిలో మెట్లెక్కించడానికి మావారూ నేనూ ఇద్దరమూ కావలసి వచ్చింది. వేళచ్చేరి, పళ్ళికరణై, మడిపాక్కం వంటి పల్లపు ప్రాంతాల్లో కింది అంతస్తులో ఉండేవారు ఈ విషయం కొనేముందే ఆలోచించుకోవాలి. ఆ మురికినీళ్ళ ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా ఉంది, దాన్ని ఏటా వేయిస్తున్నాము.

సొంతూరి ప్రయాణాలు తగ్గిపోతాయి. రైలులో కుక్కను తీసుకువెళ్ళాలంటే ఫస్ట్ క్లాసులో కూపేగాని క్యాబిన్‌గాని మొత్తం మనకే కేటాయింపు కావాలి, లేకపోతే లగేజీ వ్యానులోని పెట్టెలో పంపాలి. సంక్రాంతికి ఒంగోలు వెళ్ళాలంటే మాకు కారే గతి. కొన్నేళ్ళు మావారు పిల్లవాడితో వెళ్ళారు, నేను ఇక్కడే ఉండిపోయాను. పండుగకు కొడుకూ కోడలూ కలిసి రాలేదన్న మాట మా అత్తగారి నోట విన్నాను, అది కూడా ఖర్చులోనే రాసుకోవాలి.

పిల్లను ఎక్కడ కొనాలన్నది మిగిలింది. జాతి కుక్కల వంశావళిని నమోదు చేసే కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. అది ఇచ్చే పత్రం వంశాన్ని చెబుతుంది గాని ఆరోగ్యాన్ని చెప్పదు. తుంటి కీలు సరిగా అమరని హిప్ డిస్‌ప్లేసియా ఈ జాతిలో తరచుగా కనిపించే వంశపారంపర్య లోపం. ఏడాది దాటిన తర్వాత తీసిన తల్లిదండ్రుల తుంటి ఎక్స్-రే చూపించమని అడగాలి. చూపించని బ్రీడర్ ఎంత మంచివాడైనా అక్కడ కొనకపోవడమే మేలు. నడుము వెనక్కి మరీ వాలిపోయి, వెనుక కాళ్ళు వంకరగా నడిచే తల్లిదండ్రుల పిల్లలను, అవి ఎన్ని కప్పులు గెలుచుకున్నా, నేను తీసుకోను. 2017 నాటి నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకొని ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ముప్పై రోజుల పిల్లను తల్లిని చూపించకుండా కారు డిక్కీలోంచి చేతికిచ్చేవారు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. ఎండ తట్టుకొనే పెద్ద కుక్క కావాలనుకునేవారు రాజపాళయం, చిప్పిపారై జాతులను కూడా చూడవచ్చు. అవి ఈ నేల జాతులే, కాని వాటికి పరుగెత్తడానికి చోటు ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు డ్యూక్ ముసలిది. ఈ జాతి ఆయుర్దాయం తొమ్మిది నుంచి పదమూడేళ్ళు. వెనుక కాళ్ళు పట్టు తప్పుతున్నాయి, నున్నని టైల్స్ మీద జారిపోకుండా హాలంతా రబ్బరు చాపలు పరిచాము, పొద్దున లేవడానికి నడుము కింద తువ్వాలు వేసి ఎత్తవలసి వస్తోంది. కుక్క కావాలని పట్టుబట్టిన మా అబ్బాయి చదువుకోసం వేరే ఊరు వెళ్ళిపోయాడు. కూనను చూడటానికి వెళ్ళేవారు దానికి పదేళ్ళు వచ్చేసరికి ఇంట్లో ఎవరెవరు ఉంటారో, వారి వయసెంతో, నడుములు ఎలా ఉంటాయో ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళాలి.