గేమ్ మాస్టర్ లేకుండా ఆడదామంటే ఏది మేలు?

మా గుంపులో నాలుగేళ్లుగా కథ నడిపిన అన్నకి నైట్ షిఫ్టులు పడ్డాయి, దాంతో మా ఆదివారం రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కలిసి కథ అల్లుకునే ఆట, ఆగిపోయింది. మిగిలిన నలుగురం ఉన్నాం, పాచికలున్నాయి, ఆడాలన్న కోరికా ఉంది, కానీ కథ నడిపే గేమ్ మాస్టర్ కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను రెండుసార్లు ప్రయత్నించాను. వారమంతా ఊళ్లు, శత్రువులు, వాళ్ల రహస్యాలు రాసుకుని సిద్ధం కావాలి, ఆటలో మనవాళ్లు అవన్నీ వదిలేసి ఇంకో దారిలో వెళ్తే అప్పటికప్పుడు కల్పించాలి. ఉద్యోగం చేసుకుంటూ నా వల్ల కాలేదు. అలా గేమ్ మాస్టర్ అక్కర్లేని ఆటల వైపు వచ్చాం, ఏడాదిలో ఐదు రకాలు ఆడి చూశాం.

ముందే ఒక సంగతి చెప్పాలి. గేమ్ మాస్టర్ లేనంత మాత్రాన ఆయన చేసే పని మాయమైపోదు. తలుపు వెనక ఎవరున్నారు, ఈ దెబ్బకి ఏమవుతుంది, సీన్ ఎక్కడ ఆపాలి, ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కొన్ని ఆటలు ఆ పనిని కార్డులకో పట్టికలకో అప్పగిస్తాయి, కొన్ని ఆడేవాళ్లకే పంచేస్తాయి. అందుకే ఏది మేలు అని ఎవరైనా అడిగితే నేను కథ రకం గురించి అడగను, మీ టేబుల్ దగ్గర కూర్చునేది ఎవరు అని అడుగుతాను.

ఇంతకు ముందు ఎప్పుడూ ఇలాంటివి ఆడనివాళ్లు ఉంటే ఫర్ ద క్వీన్ తీసుకోండి. అలెక్స్ రాబర్ట్స్ రాసిన ఈ ఆట 2019లో వచ్చింది. మొత్తం కార్డులే, పాచికలు లేవు. యుద్ధంలో నలిగిన రాజ్యం, పొత్తు కుదుర్చుకోవడానికి దూర ప్రయాణం కట్టిన రాణి, ఆమె వెంట నమ్మకస్తులుగా మీరు. కార్డు తీయాలి, అందులోని ప్రశ్నకి మీ పాత్ర తరఫున జవాబు చెప్పాలి, అంతే. జవాబు తోచకపోతే పక్కవాళ్లకి ఇచ్చేయవచ్చు. చివర్లో రాణి మీద దాడి జరుగుతుంది, ఆమెని కాపాడతారా లేదా అని ఒక్కొక్కరూ తేల్చుకోవాలి. గేమ్ మాస్టర్ పనంతా కార్డులు మోసేస్తాయి కాబట్టి భయం ఉండదు, గంటా గంటన్నరలో అయిపోతుంది. అయితే రెండు మూడుసార్లు ఆడాక ప్రశ్నలు గుర్తుండిపోతాయి, తాజాదనం తగ్గుతుంది.

నాకు ప్రాణమైనది మాత్రం ద క్వయట్ ఇయర్. ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చింది. ఇద్దరి నుంచి నలుగురు ఆడొచ్చు, కావలసింది ఒక పెద్ద తెల్ల కాగితం, పెన్సిలు, కొన్ని చిన్న పాచికలు, ఇంట్లో ఎలాగూ ఉండే పేకముక్కలు. పెద్ద యుద్ధం తర్వాత బతికి బయటపడ్డ ఒక చిన్న సమాజానికి దొరికిన ఒక్క ప్రశాంతమైన ఏడాదే కథ. 52 ముక్కలు, 52 వారాలు. ఆఠీను వసంతం, డైమను వేసవి, కళావరు ఆకురాలు కాలం, ఇస్పేటు చలికాలం. మీ వంతు రాగానే ముక్క తీస్తారు, ఆ ముక్కకి పుస్తకంలో రాసి ఉన్న ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని జవాబు చెప్తారు, దాన్ని కాగితం మీద బొమ్మగా వేస్తారు. ఇస్పేటు రాజు వచ్చిన క్షణంలో ఆట ఐపోతుంది, అది చలికాలం మొదటి వారంలోనే రావచ్చు, అందుకే ఇస్పేట్లు మొదలవగానే అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

ఇందులో ఎవరికీ సొంత పాత్ర ఉండదు, అందరూ కలిసి ఊరే. నన్ను కట్టిపడేసింది చర్చ అనే నియమం. ఎవరైనా చర్చ మొదలుపెడితే ఒక్కొక్కరూ ఒకటి రెండు వాక్యాలు మాత్రమే మాట్లాడాలి, మారు మాట్లాడకూడదు, ఓటింగు ఉండదు, తీర్మానం ఉండదు. మా ఆటలో చెరువు నీళ్లు బయటివాళ్లకి ఇవ్వాలా వద్దా అన్న మాట వచ్చింది. నలుగురం తలో మాట చెప్పాం, ఏమీ తేలలేదు, తర్వాతి వంతులో ఒకామె ఎవరినీ అడక్కుండా చెరువు చుట్టూ గోడ కట్టడం మొదలుపెట్టేసింది, పక్కన పాచిక పెట్టి ఐదు వారాలు అని లెక్క వేసింది. మిగతావాళ్లకి ఒళ్లు మండినా ఆపలేం, అలాంటప్పుడు నిరసనగా ఒక బిళ్ల తీసి ముందు పెట్టుకోవాలి. మేం చింతపిక్కలు వాడాం. ఆట ముగిసేసరికి ఎవరి ముందు ఎన్ని చింతపిక్కలు మిగిలాయో చూస్తే ఆ ఊరి పరిస్థితి మొత్తం కనిపించింది. మూడు నాలుగు గంటలు పడుతుంది, తొందర మీద ఉన్నవాళ్లు పెట్టుకోవద్దు.

ఫియాస్కోని చాలామంది మొదట సూచిస్తారు. జేసన్ మార్నింగ్‌స్టార్ ఆట, 2009 నాటిది, ముగ్గురి నుంచి ఐదుగురికి. పెద్ద ఆశలు, తక్కువ తెలివి ఉన్న మనుషులు చిన్న తప్పుతో మొదలుపెట్టి పెద్ద గోతిలో పడే కథలు. ఆ పాత పుస్తకం ప్రకారం ఒక్కొక్కరి లెక్కన నాలుగేసి పాచికలు, సగం తెలుపు, సగం నలుపు. మీ వంతు వచ్చినప్పుడు సీన్ మీరే మొదలుపెడితే అది మంచిగా ముగియాలా చెడుగానా అన్నది మిగతావాళ్లు తేలుస్తారు, ముగింపు మీ చేతిలో ఉంచుకుంటే సీన్ వాళ్లు పెడతారు. ఈ పంపకం చాలా తెలివైనది. కానీ సంభాషణ మాత్రం మీరు నటిస్తూ అప్పటికప్పుడు చెప్పాల్సిందే, అక్కడే సిగ్గరులు బిగుసుకుపోతారు. ద క్వయట్ ఇయర్‌లో నోరు పెగలకపోతే బొమ్మ వేసి ఊరుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. మాటకారులు ముగ్గురుంటే మాత్రం దీనికి సాటి లేదు. పాత పుస్తకంలో ప్రతి కథా నేపథ్యానికీ బంధాలు, అవసరాలు, వస్తువులు, చోట్లు అని నాలుగు పట్టికలు, ఒక్కోదానిలో 36 చొప్పున ఉంటాయి, వాటిని మనం కూడా రాసుకోవచ్చు. మేం ఒక పెళ్లింటికి రాసుకున్నాం: బావ బావమరుదులు, చిట్టీ డబ్బు, మాయమైన కాసులపేరు, వంటల షెడ్డు వెనక చోటు. బయటి దేశపు చిన్న పట్టణం కథ కంటే అదే పదింతలు బాగా పండింది.

మైక్రోస్కోప్ వేరే దారి. బెన్ రాబిన్స్ 2011లో తెచ్చిన ఈ ఆటలో మనుషుల కథ కాదు, యుగాల చరిత్ర తయారవుతుంది. మొదలూ చివరా ముందే ఒప్పుకుంటారు, ఆ తర్వాత కాలంలో ఎక్కడికైనా దూకి కార్డు మీద ఒక యుగమో సంఘటనో రాసి పెట్టొచ్చు. పాచికలు లేవు. మీ వంతులో ఇంకెవరూ సలహా ఇవ్వకూడదన్న నియమం దీనికి వెన్నెముక. మా గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే చెల్లి ఆ నియమం వల్లే ఒక మహానగరాన్ని ఒక్క కార్డుతో కాలబెట్టింది, మేమందరం నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాం. కానీ బరువు పూర్తిగా మనుషుల మీదే. కార్డు ప్రశ్న అడగదు, పట్టిక సాయం చేయదు, తెల్ల కార్డు ముందు ఒంటరిగా కూర్చోవాలి. అలసిపోయిన శుక్రవారం రాత్రికి ఇది వద్దు.

ఇద్దరే ఉంటే, లేదా ఎవరూ దొరక్కపోతే, ఐరన్‌స్వోర్న్. షాన్ టామ్‌కిన్ 2018లో విడుదల చేసిన దీని పీడీఎఫ్ ఉచితం. ప్రతిజ్ఞ పట్టి, దాన్ని నెరవేర్చడానికి కష్టాలు పడే వీరుల కథ. ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి మీ బలం కలపాలి, పది ముఖాలవి రెండు వేసి పోల్చాలి: రెండింటినీ దాటితే పూర్తి గెలుపు, ఒకదాన్నే దాటితే ఏదో పోగొట్టుకుని గెలుపు, ఏదీ దాటకపోతే చిక్కు. గేమ్ మాస్టర్‌ని అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒరకిల్ పట్టికల్ని, అంటే పాచిక వేసి జవాబు చూసుకునే పట్టికల్ని, అడుగుతారు. సగం సగం అవకాశం ఉన్న ప్రశ్న అయితే పాచికలతో ఒకటి నుంచి వంద లోపు అంకె తీస్తారు, 51 గానీ ఆపైన గానీ పడితే అవును. చిలక జోస్యంలో చిలక కార్డు మాత్రమే తీస్తుంది, అర్థం చెప్పేది మనిషే కదా, ఇదీ అంతే, పట్టిక రెండు పదాలు ఇస్తుంది, కథ మీరు కట్టాలి. నియమాలు మిగతా నాలుగింటికంటే ఎక్కువ, చదవడానికి ఒక వారం పెట్టుకోండి. పది ముఖాల పాచికలు దొరక్కపోతే ఫోన్‌లో యాప్ చాలు. పాత్ర ఎదగాలి, నెలల తరబడి ఒకే కథ సాగాలి అనుకునేవాళ్లకి ఈ ఐదింట్లో ఇదొక్కటే సరిపోతుంది, మిగతావన్నీ ఒక్క పూటలో ముగించగల ఆటలు.

ఏది తీసుకున్నా ఎక్స్ కార్డు మాత్రం మర్చిపోవద్దు. ఒక కాగితం మీద ఎక్స్ అని రాసి మధ్యలో పెట్టండి. కథలో ఏదైనా మనసుకి కష్టంగా అనిపిస్తే దాన్ని తాకితే చాలు, కారణం అడగకుండా ఆ భాగం తీసేస్తారు. గేమ్ మాస్టర్ ఉంటే మన ముఖాలు చూసి దారి మళ్లించేవారు, ఇక్కడ ఆ చూపు లేదు కాబట్టి ఇది తప్పనిసరి.

ఇంకోటి, ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని ఇంగ్లీషులో ఆడకండి. ప్రశ్న చదివి, తెలుగులో చెప్పుకుని, జవాబు తెలుగులోనే ఇవ్వండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ద క్వయట్ ఇయర్ అలాగే పెట్టాం, అమ్మమ్మ ముక్క తీయడం, నేను ప్రశ్న తెలుగులో చదవడం. కరువు గురించి ఒక ప్రశ్న రాగానే ఆవిడ పెన్సిలు అడిగి తీసుకుని, మేం వేసిన చెరువు పక్కనే ఒక దిగుడుబావి వేసింది.